తొంభై ఎనిమిది అని రాసిన చెయ్యి

మార్చి 3, మంగళవారం

ఈ పుస్తకం బాయిలర్ రూములో మిగిలిపోయినది. కంపెనీ ఈ ఏడాది కొత్త రకం పుస్తకాలు అచ్చు వేయించి పాతవన్నీ అటకెక్కించింది. ఒకటి చంకన పెట్టుకొచ్చాను. టైము, ప్రెషరు, నీటి మట్టం, తొట్ల వేడి, అన్నిటికీ గడులున్నాయి. ఆ గడుల మీంచే రాసుకుపోతాను. ఇరవై ఆరేళ్ళు అంకెలు రాసిన చెయ్యి మాటలు రాయగలదో లేదో చూద్దాం.

మా ఆవిడ చూసి, "పగలంతా రాసింది చాలదా, ఇంటికొచ్చి కూడా రాతలేనా? నువ్వేమైనా చిత్రగుప్తుడివా?" అంది.

ఎందుకు రాస్తున్నానో తెలీదు.

తెలుసు. బావకి దగ్గులో నెత్తురు పడింది.

మార్చి 4, బుధవారం

ఇవాళ బావ పనికి రాలేదు. బదులు వచ్చినవాడు రావడం రావడమే పార పట్టుకుని పొయ్యి తలుపు తీయబోయాడు. ఆగరా నాయనా అని మా ఆనవాయితీ నేర్పాల్సి వచ్చింది. బొగ్గు వేసేవాడు పార ముట్టుకునే ముందు, ప్రెషరు గేజు చూసేవాణ్ణి "ఎంత?" అని అడగాలి. గేజు దగ్గరవాడు అంకె చెప్పాలి. అడిగినవాడు తనూ వెళ్ళి గేజుని కళ్ళారా చూసి, అదే అంకె పైకి అనాలి. అప్పుడే పార ఎత్తాలి. మా ముందు తరంలో ఎవడో మాట నమ్మి బొగ్గు గుమ్మరించి ఒళ్ళు కాల్చుకున్నాడట. అప్పట్నుంచీ ఇదే పద్ధతి.

వాడు "ఎంత?" అన్నాడు. "పది" అన్నాను. వెళ్ళి గేజు చూసి "పది" అన్నాడు. బుద్ధిమంతుడు.

బావ ఒక్కనాడూ గేజు చూడలేదు. వీపు నా వైపే ఉంచి "ఎంత?" అంటాడు. నేను "పది" అంటాను. వెనక్కి కూడా తిరక్కుండా "పది" అని పార ఎత్తుతాడు. "చూడు బావా, రూలు" అంటే, "నువ్వు చూశావుగా. మళ్ళీ నేను చూస్తే నీ కళ్ళని అవమానించినట్టు" అంటాడు. మిల్లులో అందరూ ఆయన్ని నిప్పుకోడి అంటారు. పొడుగు మెడ, పొద్దస్తమానం మంట ముందు నిలబడ్డం. పిలిస్తే పలుకుతాడు కూడా.

నా కుర్చీ అద్దాల గదిలో. ఆయన చోటు పొయ్యి నోటి దగ్గర. మధ్యలో అద్దం. రోజూ సాయంత్రం నా వైపు తుడిస్తే బట్ట తెల్లగానే ఉంటుంది.

మార్చి 6, శుక్రవారం

పది. అంతా మామూలే.

మార్చి 9, సోమవారం

అక్కా, బావా, నేనూ ఆస్పత్రికి వెళ్ళాం. డాక్టరు ఫిలిం వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు.

"ఏం పని?"

"బాయిలర్‌కి బొగ్గు వేస్తానండి," అన్నాడు బావ.

"ఎన్నేళ్ళు?"

"ఇరవై ఆరు."

"మూతికి ఏమైనా కట్టుకునేవాడివా?"

బావ నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. అక్క వీపు రాస్తూ కూర్చుంది.

"ఇంతకు ముందు ఎప్పుడైనా ఎక్స్‌రే తీయించారా?"

"లేదండి," అన్నాడు బావ.

ఊపిరితిత్తులు రెండూ గట్టిపడిపోయాయట. మందులు ఆయాసం తగ్గిస్తాయే గానీ పాడైంది తిరిగి రాదట. ఇక బొగ్గు మొహం చూడొద్దన్నాడు. బయటికి వస్తుంటే నన్ను ఆపి, "నాలుగైదేళ్ళ ముందు పని మానేసి ఉంటే ఇంత ముదిరేది కాదు" అన్నాడు.

నాలుగైదేళ్ళు అన్నాడు. ఐదు కూడా అన్నాడు.

మార్చి 12, గురువారం

కొత్త ఇంజనీరు వచ్చింది. మా పెద్దమ్మాయి ఈడు. వచ్చిన గంటలోనే అందరూ ఇంజనీరమ్మ అనడం మొదలుపెట్టారు. మిల్లులో బొగ్గు మాన్పించే పని మీద వచ్చిందట. ఆఫీసులో కూర్చోలేదు. తిన్నగా బట్టకి రంగు వేసే తొట్ల దగ్గరికెళ్ళి, చేతులు పైకి మడిచి, పైపులు తడిమి చూసింది. కాలవలోకి పోయే రంగునీళ్ళలో థర్మామీటరు ముంచింది.

"అంకుల్, ఇవి యాభై డిగ్రీలున్నాయి. ఇంత వేడి ఊరికే పారబోస్తున్నారా?"

"రంగునీళ్ళమ్మా అవి. ఎవరికి కావాలి?"

"నాకు కావాలి. బావిలోంచి నీళ్ళు తోడినట్టు ఇందులోంచి వేడి తోడి, ఇంకాస్త పెంచి, మళ్ళీ తొట్లకే ఇస్తుంది హీట్ పంపు. కరెంటుతో నడుస్తుంది. మంట ఉండదు, పొగ ఉండదు."

చెప్తుంటే ఆ పిల్ల మొహంలో వెలుగు చూడాలి. నాకు ముచ్చటేసింది. తర్వాత చేతిలో ఫైలు చూశాను. అట్ట చూడగానే గుర్తుపట్టాను. నాలుగేళ్ళ కిందటి రిపోర్టు.

"అప్పుడు కూడా ఎవరో వచ్చి చూశారట కదా. ఎందుకు ఆగిపోయింది?" అంది.

"ఏమో అమ్మా. పై వాళ్ళ సంగతులు మనకేం తెలుస్తాయి," అన్నాను.

ఆ రిపోర్టు వాళ్ళు తొట్ల మొహం చూడలేదు. ఆఫీసులో కాఫీ తాగి, నెలరోజుల బాయిలర్ పుస్తకం పట్టుకెళ్ళారు. ఆ నెల తొట్ల వేడి గడిలో తొంభై ఎనిమిది అని ఉంది. వాళ్ళ పంపు ఎనభై దాటదట. కుదరదని రాసి వెళ్ళిపోయారు.

ఆ తొట్లు ఏనాడూ అరవై ఎనిమిది దాటలేదు.

బావే అన్నాడు, రాసేయరా అని. ఇద్దరి ఉద్యోగాలూ పోయేవి. అక్క ఇల్లు ఎలా గడిచేది? అక్క కోసం రాశాను.

మార్చి 20, శుక్రవారం

ఇంజనీరమ్మ ప్రతి పైపుకీ ఒక తెల్ల బిళ్ళ తగిలించింది. వాటంతట అవే వేడి కొలుచుకుని, వాటంతట అవే రాసుకుంటాయట. నిమిషానికోసారి. నేను గంటకోసారి రాసేవాణ్ణి.

వాటికి అక్కలూ బావలూ ఉండరు.

మార్చి 21, శనివారం

అరవై ఎనిమిది.

ఏప్రిల్ 2, గురువారం

అడిగింది. అడుగుతుందని తెలుసు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. ఒక దాని మీద తొంభై ఎనిమిది, ఇంకోదాని మీద అరవై ఎనిమిది.

"అంకుల్, అవే తొట్లు, అదే బట్ట. ముప్పై డిగ్రీలు తేడా ఎలా వచ్చింది?"

"అప్పటి రంగులు వేరమ్మా."

"రంగుల మేస్త్రీని అడిగాను. పదేళ్ళుగా ఇవే రంగులన్నాడు."

"థర్మామీటరు పాడై ఉంటుంది."

"నెలంతా? పన్నెండు తొట్లకీ?"

ఆ పిల్ల గొంతు పెంచలేదు. "డైరెక్టర్లు రెండు కాగితాలూ చూశారు. ఏది నిజమో తేలే వరకు సంతకం పెట్టేది లేదంటున్నారు. ఇవి తప్పయితే మిషన్లు తెచ్చాక పనికిరావని భయం. మీరొక్కరే చెప్పగలరు," అని వెళ్ళిపోయింది.

బావ ఆ రోజు వద్దనలేదు. వద్దని ఉంటే రాసేవాణ్ణే కాదు.

ఏప్రిల్ 5, ఆదివారం

బావకి ఇంట్లోనే ఆక్సిజన్ మిషను పెట్టారు. వాళ్ళ వాటా మా నెత్తి మీదే, మిషను గుయ్యిమంటే మా గోడలు కూడా గుయ్యిమంటాయి. వేలికి తగిలించే క్లిప్పు ఒకటి ఇచ్చారు. వేలు పెడితే అంకె చూపిస్తుంది. తొంభై పైన ఉంటే ఫరవాలేదు, ఎనభై ఎనిమిది కిందికి వస్తే ఫోను చేయమన్నారు.

అక్క ఆ క్లిప్పు నా చేతిలో పెట్టింది. "నీ కళ్ళు వీటికి అలవాటే కదరా. రోజూ సాయంత్రం నువ్వే చూడు. నాకు ఆ అంకెలు చూస్తే కాళ్ళూ చేతులూ ఆడవు." గోడకి ఒక కాగితం అంటించి పెన్ను వేలాడదీసింది.

బావ మంచం మీంచి చెయ్యి చాపి, మొహం అటు తిప్పుకుని, "ఎంత?" అన్నాడు.

"తొంభై మూడు."

"తొంభై మూడు," అన్నాడు.

అక్క నవ్వింది. ఇంట్లో కూడా మీ వేషాలేనా అని.

ఏప్రిల్ 14, మంగళవారం

ఇవాళ ఎనభై తొమ్మిది. కాగితం మీద తొంభై మూడు రాశాను. అక్క రెండు రోజులుగా నిద్రపోలేదు. ఒక్క పూట పడుకోనీ.

ఏప్రిల్ 17, శుక్రవారం

తొంభై మూడు రాశాను.

ఏప్రిల్ 20, సోమవారం

తొంభై నాలుగు రాశాను. రోజూ తొంభై మూడే అయితే అనుమానమొస్తుంది.

ఏప్రిల్ 26, ఆదివారం

డాక్టరు పాత కాగితాలన్నీ పట్టుకురమ్మన్నాడని అక్క బీరువా పైనుంచి అట్టపెట్టె దింపింది. అడుగున గోధుమరంగు కవరు. తీస్తే ఎక్స్‌రే ఫిలిం. ఒక మూల బావ పేరు, ఇంకో మూల తేదీ. నాలుగేళ్ళ కింద, మార్చి పదకొండు. కవర్లోనే డాక్టరు చీటీ. బొగ్గు పని వెంటనే మానాలి అని ఉంది. వెంటనే అన్న మాట కింద రెండు గీతలు.

"దీని గురించి నీకేమైనా తెలుసా?" అంది అక్క.

"ఒట్టు, తెలీదక్కా." అది నిజం. ఈ మధ్య అక్కతో నేను చెప్పిన నిజం అదొక్కటే.

అక్క మంచం దగ్గరికెళ్ళి కవరు చూపించి, "నాకు చెప్పకుండా ఎందుకు దాచావు?" అని అడిగింది. బావ నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. అక్క కవరు గుండెకి ఆనించుకుని, ఏడవకుండా, చాలాసేపు నిలబడింది.

ఏప్రిల్ 27, సోమవారం

ఎక్స్‌రే మార్చిలో. నేను తొంభై ఎనిమిది రాసింది ఏప్రిల్లో.

సరే. రాస్తాను. ఎవరు చూడొచ్చారు.

బావ రాయమనలేదు. నేనే వెళ్ళాను ఆయన దగ్గరికి. పొయ్యి దగ్గర నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. "బావా, ఈ పంపులు వస్తే మనిద్దరం రోడ్డున పడతాం. తొట్ల వేడి పెంచి రాస్తాను, నువ్వు అడిగినవాళ్ళకి అదే చెప్పు" అన్నాను. ఆయన నా మొహం కేసి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత "సరేరా" అన్నాడు.

మనిద్దరం అన్నాను. అది అబద్ధం. నోటీసు బోర్డు మీద అందరూ చదివారు, నేనూ చదివాను. బొగ్గు వేసేవాళ్ళని బట్ట మడతపెట్టే సెక్షన్లోకి మారుస్తారని ఉంది. కుర్చీలో కూర్చుని చేసే పని, అదే జీతం. బాయిలర్ అటెండెంటు గురించి మాత్రం తర్వాత నిర్ణయిస్తామని ఉంది. రోడ్డున పడేది నేనొక్కణ్ణే.

ఆయనకి కిటికీ పక్కన కుర్చీ సిద్ధంగా ఉంది. నేను వెళ్ళి మళ్ళీ పొయ్యి ముందు నిలబెట్టాను. నాలుగేళ్ళు.

అక్క కోసం అని రాశాను పైన. సిగ్గులేదు.

ఏప్రిల్ 29, బుధవారం

పొద్దున్నే ఇంజనీరమ్మ గదికెళ్ళి, "కాగితం ఇవ్వండమ్మా, సంతకం పెడతాను" అన్నాను. "ఏమని?" అంది. పాత అంకెలు తప్పు, నేనే కావాలని రాశాను, ఇంకెవరికీ సంబంధం లేదు అని చెప్పాను.

పెన్ను కింద పెట్టేసింది. "అంకుల్, ఇది ఇస్తే మిమ్మల్ని తీసేయొచ్చు. తెలుసా?"

"తెలుసు."

"ఎందుకు రాశారు అప్పుడు?"

ఏదేదో చెప్పాలనుకున్నాను. భయం అన్నాను. ఆ ఒక్క మాటే వచ్చింది.

ఆ పిల్ల లేచి మంచినీళ్ళు పోసిచ్చింది. తాగేదాకా కాగితం ఇవ్వలేదు.

మే 11, సోమవారం

పది రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. ఇవాళ రమ్మని కబురు. వాళ్ళకేదో జాలి పుట్టి కాదు. కొత్త మిషన్లు వచ్చేదాకా బాయిలర్ నడవాలి, నడపడానికి సర్టిఫికెట్ కావాలి, ఈ చుట్టుపక్కల సర్టిఫికెట్ ఉన్న దొంగని నేనొక్కణ్ణే. డైరెక్టర్లు సంతకం పెట్టారట. నా సంగతి ఆ తర్వాత చూస్తారట.

అక్క అడిగింది, పది రోజులు ఎందుకు పోలేదని. రిపేరు అన్నాను.

జూన్ 7, ఆదివారం

అక్క మందులకి వెళ్ళింది. నేను క్లిప్పు తగిలించాను. బావ మొహం అటు తిప్పుకుని ఎప్పట్లాగే "ఎంత?" అన్నాడు.

"తొంభై మూడు."

తిరిగి అనలేదు. "కళ్ళద్దాలు పెట్టుకో" అన్నాడు.

చూసుకుంటే నా కళ్ళద్దాలు నా చేతిలో ఉన్నాయి.

"అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు కళ్ళద్దాలు తీస్తావురా. చిన్నప్పుడు మీ అక్క జడ కత్తిరించి పిల్లి కొరికిందని చెప్పినప్పుడూ తీశావట. మీ అక్కే చెప్పింది, పెళ్ళైన కొత్తలో. నాలుగేళ్ళ కింద ఏప్రిల్ అంతా అద్దంలోంచి చూశాను. పుస్తకం తెరుస్తావు, కళ్ళద్దాలు తీస్తావు, రాస్తావు, పెట్టుకుంటావు."

ఒక్కో ముక్కకీ ఆగి ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. నేను మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయాను.

"మరి ఎక్స్‌రే? అప్పటికే నీ దగ్గర ఉందిగా బావా. ఒక్క ముక్క చెప్పి ఉంటే ఏం పోయింది?"

"చెప్తే నువ్వు రాయలేకపోయేవాడివి."

"రాయకపోతే మానేవాణ్ణి!"

"అప్పుడు నువ్వేం చేసేవాడివి? ఆ బాయిలర్ సర్టిఫికెట్ పరీక్ష నాలుగుసార్లు తప్పావు. ఐదోసారి పాసై వచ్చిన రోజు ఆ కాగితం చూసి మీ అక్క నవ్విన నవ్వు... మా పెళ్ళినాడు కూడా అంత నవ్వలేదు, తెలుసా? నిన్ను మిల్లుకి తీసుకొచ్చింది నేను. ఇంకో పని నీకు రాదు. నేనా, ఎక్కడైనా మోసుకు బతుకుతాను అనుకున్నా. ఇంకో రెండేళ్ళు లాగుదాం, ఈలోగా వాడికేదో దారి దొరుకుతుంది అనుకున్నా. దగ్గేగా అనుకున్నా."

"తప్పు చేశాను బావా."

"ఇద్దరం చేశాం. నువ్వు భయపడి చేశావు, నేను తెలివి ఉందనుకుని చేశాను. సర్లే, ఇప్పుడు ఎంత?"

కళ్ళద్దాలు పెట్టుకున్నాను. "ఎనభై ఐదు."

"ఎనభై ఐదు," అన్నాడు. "హమ్మయ్య. నాకు ఆయాసమొస్తోంది, నువ్వేమో బాగుందంటావు. నాకే పిచ్చి పట్టిందేమో అనుకున్నా ఇన్ని రోజులూ."

డాక్టరుకి ఫోను చేశాను. మిషను పెంచమన్నాడు. పెంచగానే పావుగంటలో మొహం తేటబడింది. నెలన్నర కిందటే పెంచాల్సింది.

అక్క మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే, "దానికి చెప్పకు. నా అంతట నేనే దాచాననే అనుకోనీ. నీ మీద కోపం పెట్టుకుంటే నా తర్వాత దానికెవరున్నారు" అన్నాడు.

గోడ మీద కాగితం చింపేసి కొత్తది అంటించాను.

జూలై 19, ఆదివారం

మిల్లు వెనకాల షెడ్డు లేచింది. లారీల మీద పంపులు వచ్చాయి. బూడిదరంగు పెట్టెలు, బీరువాలంత. ఇంజనీరమ్మ ఫొటోలు తీసిచ్చింది, బావకి చూపించమని.

బావ ఒక్కొక్కటీ దగ్గరగా పెట్టుకుని చూశాడు. "పొయ్యి ఎక్కడరా దీనికి?"

"లేదు బావా."

"మరి బొగ్గు వేసేవాడు ఎక్కడ నిలబడతాడు?"

"ఎవరూ నిలబడక్కర్లేదు."

"బాగుంది," అన్నాడు. ఫొటో తలగడ కింద పెట్టుకున్నాడు.

డెబ్బై తొమ్మిది. నిజం. డాక్టరుకీ ఇదే చెప్పాను.

ఆగస్టు 4, మంగళవారం

పొద్దున ఎనిమిదిన్నరకి అక్క కిందికి కేకేసింది. సగం గడ్డంతో పరిగెత్తాను. మిషను ఎంత ఉందో అంతా పెట్టేసి ఉంది. డాక్టరు దారిలో ఉన్నాడట. అక్క బావ తలని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

బావ నన్ను చూశాడు. చెయ్యి ఎత్తలేకపోయాడు, వేలు మాత్రం కదిపాడు. క్లిప్పు పెట్టాను.

పెదాలు కదిలాయి. మాట రాలేదు గానీ ఆ మాట నాకు తెలుసు.

అక్క కళ్ళతోనే బతిమాలింది, మంచి అంకె చెప్పరా అని. నా చెయ్యి కళ్ళద్దాల దాకా వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను.

"అరవై ఒకటి," అన్నాను.

"అరవై ఒకటి," అన్నాడు బావ. వినపడేలాగే అన్నాడు. మొహం అటు తిప్పుకున్నాడు.

డాక్టరు వచ్చేసరికి తొమ్మిదీ పది అయింది. అప్పటికి క్లిప్పులో అంకె లేదు.

ఆగస్టు 9, ఆదివారం

సాయంత్రం ఆరింటికి నాకు తెలీకుండానే మెట్లెక్కాను. సగం దాకా వెళ్ళి దిగివచ్చాను.

ఆగస్టు 17, సోమవారం

బావ వద్దన్నాడు. అయినా చెప్పేశాను. చెప్పకపోతే నేనేదో ఆయన మాట నిలబెడుతున్నానని నాకు నేనే మెడల్ ఇచ్చుకుంటూ బతికేవాణ్ణి. నా సంగతి నాకు తెలుసు.

అక్క వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. నిలబడే చెప్పాను. నోటీసు బోర్డు, మడత సెక్షను, తొంభై ఎనిమిది, గోడ మీద కాగితం. అన్నీ. ఆయనకి తెలిసే ఊరుకున్నాడన్నదీ చెప్పాను.

అక్క కుళాయి కట్టేసింది. వెనక్కి తిరగలేదు.

"నాలుగేళ్ళు," అంది.

"అవునక్కా."

"కిటికీ పక్కన కుర్చీ అన్నావు కదూ?"

"అవును."

"ఏ కిటికీ?"

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగింది. "మడత సెక్షన్లో ఏ కిటికీ రా? రోడ్డు వైపుదా, వెనక వైపుదా?"

"రోడ్డు వైపుది."

"నేను రోజూ మధ్యాహ్నం ఆ రోడ్డు మీంచే వస్తాను," అంది.

అంతే. చేతులు తుడుచుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది. కాసేపు బయటే నిలబడ్డాను. తిట్టినా బాగుండేది.

సెప్టెంబరు 20, ఆదివారం

అక్క మాట్లాడ్డం లేదు. మా ఆవిడతో మాట్లాడుతుంది, పిల్లలతో మాట్లాడుతుంది. నేను వస్తే గోడతో మాట్లాడుతుంది. "ఎవరో వచ్చినట్టున్నారు" అంటుంది.

మా ఆవిడ మొదట నన్ను వెనకేసుకొచ్చింది. తర్వాత ఒకరోజు కూర్చోబెట్టి, నిజమేనా అని అడిగింది. నిజమే అన్నాను. అప్పట్నుంచి ఆమె కూడా తక్కువే మాట్లాడుతోంది.

అక్టోబరు 23, శుక్రవారం

కొత్త పంపులు నాలుగు తొట్లకి నడిపి చూశారు. అరవై ఎనిమిది, ఒక్క డిగ్రీ అటూ ఇటూ లేదు. రంగుల మేస్త్రీ బట్ట పిండి వెలుతురుకి పెట్టి చూసి తలూపాడు. ఇంజనీరమ్మ చిన్నపిల్లలా గెంతింది. నన్ను చూసి ఆగిపోయింది.

నన్ను తీసేయడం లేదట. పంపుల దగ్గర చూసుకోవడానికి మనిషి కావాలని ఆ పిల్ల పట్టుబట్టిందట. "అంకుల్‌కి ప్రతి పైపూ తెలుసు" అందట. నాలుగేళ్ళ కింద నోరు తెరిచి అడిగి ఉంటే అప్పుడూ ఇదే చెప్పేవారేమో. నేను అడగలేదు. తర్వాత నిర్ణయిస్తాం అన్న ముక్క చదివి అడగడానికే భయపడ్డాను.

నవంబరు 14, శనివారం

ఇవాళ పొయ్యి ఆర్పేశాం.

బొగ్గు వేయడం నిన్న సాయంత్రమే ఆపించాను. పొద్దున మిగిలిన నిప్పులు లాగించి, బూడిద తీయించి, అందర్నీ పంపించేశాను. ప్రెషరు దిగేదాకా కూర్చోవడం నా పని. తొమ్మిదికి నాలుగు. పదింటికి మూడు. ఈ రూము ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలీదు. బావ పార గోడకి ఆనించి ఉంది. పిడి మధ్యలో అరిగి సన్నబడింది, ఆయన చేతులు పట్టుకునే చోట.

పదకొండు దాటాక తలుపు దగ్గర నీడ పడింది. అక్క. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా బాయిలర్ రూము గడప తొక్కలేదు. ఇంజనీరమ్మ వెంటబెట్టుకొచ్చినట్టుంది, బయటే ఆగిపోయింది.

అక్క గోడలు చూసింది. పైకప్పు చూసింది, అంతా మసి. నా అద్దాల గది చూసింది. లోపల కుర్చీ, టేబులు, తెల్లగా. తర్వాత పొయ్యి నోటి దగ్గరికెళ్ళి, నేల మీద నున్నగా అరిగిన చోటు ఒకటుంటుంది, అక్కడ నిలబడింది. ఎవరూ చెప్పలేదు, తనే కనుక్కుంది. అక్కణ్ణుంచి అద్దంలోంచి నా కేసి చూసింది.

నేను బయటికి వచ్చాను.

"ఎంత?" అంది అక్క.

మూడు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట.

కళ్ళద్దాలు మొహం మీదే ఉన్నాయి. గేజు చూశాను. "ఒకటి," అన్నాను.

బావైతే వెనక్కి తిరక్కుండా ఒకటి అని ఉండేవాడు. అక్క అనలేదు. నన్ను దాటుకుంటూ గేజు దగ్గరికెళ్ళింది. దాని అద్దం మీది మసి అరచేత్తో తుడిచింది. వంగి, దగ్గరగా, చాలాసేపు చూసింది.

అప్పుడు అంది, "ఒకటి" అని.